సైబర్ సెక్యూరిటీలో పీజీ: క్యాంపస్‌లోనా, ఆన్‌లైన్‌లోనా?

బీటెక్ ఆఖరి ఏడాది పిల్లలూ, నాలుగైదేళ్లుగా సపోర్టు ఉద్యోగం చేసి విసిగిపోయినవాళ్లూ ఒకటే అడుగుతారు: "సైబర్ సెక్యూరిటీలో మాస్టర్స్ చేయాలనుంది. ఆన్‌లైన్‌లో చేస్తే విలువ ఉంటుందా, క్యాంపస్‌కే వెళ్లాలా?"

ప్రశ్న మంచిదే. కాకపోతే అది తర్వాత అడగాల్సింది. అంతకన్నా ముందు తేలాల్సినవి రెండున్నాయి. ఈ రంగంలో మీరు చేయబోయే పని ఏమిటి? ఆ పనిలో మీ తప్పులు దిద్దేవాళ్లు ఎక్కడ దొరుకుతారు? ఈ రెండూ తేలితే క్యాంపసా, ఆన్‌లైనా అన్నది తేల్చడానికి ఎంతోసేపు పట్టదు. తేలకుండా చేరితే మాత్రం ఎంత పేరున్న యూనివర్సిటీ అయినా మీ చేతికి కాగితం ఇస్తుంది, అంతే.

ఒక దొంగతనం, ఐదు ఉద్యోగాలు

2022 జనవరిలో హైదరాబాద్‌లోని ఏపీ మహేష్ కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంకు సర్వర్లలోకి ఎవరో చొరబడి 12 కోట్ల రూపాయలకు పైగా కొట్టేశారు. డబ్బు వందకు పైగా ఖాతాల్లోకి చీలి, రాష్ట్రాలు దాటిపోయింది. అంతకు రెండు నెలల ముందే బ్యాంకు ఉద్యోగులకు ఫిషింగ్ మెయిళ్లు వచ్చాయనీ, వాటిని తెరవడంతో దొంగ ప్రోగ్రాం లోపలికి దూరిందనీ హైదరాబాద్ పోలీసులు దర్యాప్తులో తేల్చారు. భద్రతా నియమాలు పాటించనందుకు 2023లో రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకుకు 65 లక్షల జరిమానా వేసింది.

ఈ ఒక్క కేసును ముక్కలు చేసి చూడండి. మెయిల్ ద్వారా దిగిన ప్రోగ్రాంను విప్పి, అది ఏం చేస్తుందో చెప్పాలి. అది మాల్‌వేర్ అనాలిసిస్. ఆపరేటింగ్ సిస్టమ్, అసెంబ్లీ భాష తెలియాలి. ఒక గుమాస్తా కంప్యూటర్ నుంచి అసలు సర్వర్ దాకా దారి ఎలా దొరికింది? ఇది నెట్‌వర్క్ సెక్యూరిటీ. రాత్రీ పగలూ అలర్టులు చూస్తూ, తేడా కనబడగానే పట్టుకోవాల్సింది సాక్ (సెక్యూరిటీ ఆపరేషన్స్ సెంటర్) అనలిస్టు. దొంగతనం బయటపడ్డాక సర్వర్ల నుంచి ఆధారాలు చెక్కుచెదరకుండా తీయాల్సింది ఫోరెన్సిక్స్ నిపుణులు. ఇక బ్యాంకు నియమాలు పాటించిందా లేదా, జరిమానా పడకుండా ముందే ఏం చేయాల్సింది అన్నది ఆడిట్, కంప్లయన్స్ వాళ్ల పని.

ఐదూ సైబర్ సెక్యూరిటీయే. కానీ ఐదుగురి రోజు ఒకలా ఉండదు, చదువూ ఒకలా ఉండదు. మాల్‌వేర్ విప్పే మనిషి రోజంతా ఒక్కడే డీబగ్గర్ ముందు కూర్చుంటాడు. కంప్లయన్స్ మనిషి రోజంతా మీటింగుల్లో ఉంటుంది, ఆమె ఆయుధం రాతపని. ఫోరెన్సిక్స్‌కు వెళ్తే చట్టం కూడా చదవాలి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ ఆధారానికి ధ్రువపత్రం జత చేయాలి, అందులో ఆ ఫైలు హ్యాష్ విలువ కూడా రాయాలి. హార్డ్‌డిస్క్ కాపీలో ఒక్క అక్షరం మారినా ఆ విలువ మారిపోతుంది. అవతలి లాయరు అక్కడే పట్టుకుంటాడు.

ఈ పనులు చేసేవాళ్లు కావాలని ఇప్పుడు చట్టమే అడుగుతోంది. 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ దాడిని గుర్తించిన ఆరు గంటల్లో సంస్థలు సమాచారం ఇవ్వాలి, లాగ్‌లను 180 రోజులు దాచాలి. 2023 డేటా రక్షణ చట్టంలో జరిమానా 250 కోట్ల దాకా ఉంది. కాబట్టి రంగంలో పని ఉందా అన్న బెంగ అక్కర్లేదు. ఐదింటిలో మీకు ఏది సరిపడుతుందో తేల్చుకోండి. తేలకపోతే ఫీజు కట్టకండి.

క్యాంపస్ ఇచ్చేదేమిటి?

"క్యాంపస్‌లో ల్యాబ్ ఉంటుంది, ఆన్‌లైన్‌లో ఉండదు" అని చాలామంది అనుకుంటారు. సైబర్ సెక్యూరిటీలో ఇది సగమే నిజం. క్యాంపస్ ల్యాబ్‌లో కూర్చున్న విద్యార్థి కూడా చాలావరకు వర్చువల్ మెషీన్‌లోకి లాగిన్ అయ్యే పని చేస్తాడు. అదే మెషీన్‌లోకి కరీంనగర్‌లో మీ ఇంటి నుంచీ లాగిన్ కావచ్చు. దీనికి మినహాయింపు కరెంటు గ్రిడ్లు, నీటి ప్లాంట్లు, ఫ్యాక్టరీల్లో వాడే కంట్రోల్ సిస్టమ్‌ల భద్రత, చిప్‌ల భద్రత. వీటికి నిజమైన పరికరాలు ఎదురుగా ఉండాలి. ఐఐటీ కాన్పూర్ లాంటి చోట్ల అందుకోసం ప్రత్యేక టెస్ట్‌బెడ్‌లే కట్టారు.

క్యాంపస్ అసలు బలం వేరే చోట ఉంది. ల్యాబ్‌లో జరిగేది చూడండి. నెట్‌వర్క్‌లో ప్రయాణించిన ప్యాకెట్ల ఫైలు ఒకటి ఇచ్చి, ఇందులో తేడా ఏముందో చెప్పమంటారు. మీరు వైర్‌షార్క్‌లో తెరుస్తారు. వేల వరుసలు. డీఎన్ఎస్ అని ఫిల్టర్ చేస్తే వందకు తగ్గుతాయి. ఒక కంప్యూటర్ ఒకే డొమైన్ పేరును పదేపదే అడుగుతోంది. "డొమైన్ పేరు వింతగా ఉంది, అదే తేడా" అని మీరు రాస్తారు. వెనక నిలబడ్డ ప్రొఫెసర్ "టైము కాలమ్ చూశావా?" అంటాడు. చూస్తారు. సరిగ్గా అరవై సెకన్లకు ఒకసారి. మనిషి వెబ్‌సైట్ చూస్తే అంత లెక్కగా చూడడు. లోపల ఏదో ప్రోగ్రాం బయట ఉన్న యజమానికి హాజరు పలుకుతోంది. డొమైన్ పేరు రేపు మారుతుంది, ఆ లయ అంత తొందరగా మారదు. ఆ ఒక్క ప్రశ్నతో మీ చూపు శాశ్వతంగా మారిపోతుంది.

అలా వెనక నిలబడి అడిగేవాళ్లుంటే క్యాంపస్ విలువైనదే. లేకపోతే అది హాస్టల్ ఉన్న ఆన్‌లైన్ కోర్సు. క్రిప్టోగ్రఫీ లాంటి గణితం ఎక్కువున్న విషయాలకూ, థీసిస్‌కూ, తర్వాత పీహెచ్‌డీ చేసే ఆలోచనకూ మాత్రం క్యాంపస్‌కు సాటి లేదు. గైడు పక్క గదిలో ఉండడం, బోర్డు మీద ఒక రుజువు తప్పు రాసి నలుగురిలో దిద్దించుకోవడం వీడియోలో దొరకవు.

ఆన్‌లైన్ ఇచ్చేదేమిటి?

ఆన్‌లైన్ కరోనా తెచ్చిన కొత్త వింత కాదు. లండన్‌లోని రాయల్ హాలోవే 1992లోనే ఇన్ఫర్మేషన్ సెక్యూరిటీలో ఎంఎస్సీ మొదలుపెట్టింది. తర్వాత దాన్నే యూనివర్సిటీ ఆఫ్ లండన్ ద్వారా దూరవిద్యలోనూ అందించింది. అమెరికాలో జార్జియా టెక్ 2019 జనవరిలో ఆన్‌లైన్ సైబర్ సెక్యూరిటీ మాస్టర్స్ ప్రారంభించింది. 32 క్రెడిట్లు, ఫీజు మొత్తం పది వేల డాలర్ల లోపే అని అప్పట్లో ప్రకటించింది. మన దగ్గర ఐఐటీ కాన్పూర్ ఉద్యోగుల కోసం గేట్ అడగకుండా సైబర్ సెక్యూరిటీలో ఈ-మాస్టర్స్ డిగ్రీ ఇస్తోంది.

ఆన్‌లైన్ గొప్ప లాభం ఫీజు ఆదా ఒక్కటే అనుకోకండి. ఉద్యోగం పోదు. సెక్యూరిటీలో పైకి రావాలంటే అనుభవమే ప్రధానం. సీఐఎస్ఎస్‌పీ సర్టిఫికేషన్ పరీక్ష పాసైనా, ఐదేళ్ల పని అనుభవం చూపితేనే పూర్తి గుర్తింపు ఇస్తారు. డిగ్రీ ఉంటే అందులో తగ్గేది ఒక్క ఏడాదే. అదే ఉద్యోగం చేస్తూ చదివితే అనుభవమూ డిగ్రీ రెండూ పోగవుతాయి. పైగా సోమవారం క్లాసులో విన్నది మంగళవారం ఆఫీసులో చేసి చూడొచ్చు.

నష్టం కూడా చెప్పాలి. ఒక్కో కోర్సుకు వారానికి పది నుంచి పదిహేను గంటలు కావాలి. సాక్‌లో రొటేషన్ షిఫ్టు చేసేవాళ్లకు ఆ గంటలు ఎక్కడి నుంచి వస్తాయి? నైట్ షిఫ్టు దిగి నిద్ర మానుకుని చదివితే మూడో నెలలో ఆగిపోతారు. కాబట్టి చేరేముందు ఇంట్లోవాళ్లతో కూర్చుని, వారంలో ఏ గంటలు మీవో కాగితం మీద రాసుకోండి. ఆదివారాల పెళ్లిళ్లు, పిల్లల పరీక్షలు, మేనేజర్ వారాంతపు రిలీజులు అన్నీ ఆ కాగితంలోకి రావాలి. ఒక టర్మ్‌కు ఒక్క కోర్సు చొప్పున మూడేళ్లు సాగదీసినా తప్పులేదు. మధ్యలో మానేయడమే నష్టం.

డబ్బు లెక్క, దాచకుండా

విదేశీ క్యాంపస్‌లో ఫీజు, అద్దె, తిండి, ఇన్సూరెన్సు కలిపి 40 లక్షల అప్పు అనుకుందాం. 11 శాతం వడ్డీకి పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 55 వేల రూపాయలు కట్టాలి. చదువుకునే కాలంలో పేరుకునే వడ్డీ దీనికి అదనం. డాలర్ల జీతం వస్తే ఇది పెద్ద బరువు కాదు. ఉద్యోగం దొరక్క వెనక్కి వచ్చి గచ్చిబౌలిలో మొదటి ఉద్యోగం చేస్తూ నెలకు 55 వేలు కట్టగలరా? ఈ లెక్క వేయాల్సింది లోన్ సంతకానికి ముందు. నాన్న పొలమో, ఇల్లో తాకట్టులో ఉంటే ఆ లెక్క ఆయన ముందే వేయండి.

మన దేశంలో క్యాంపస్ దీనికి పూర్తి విరుద్ధం. గేట్ స్కోరుతో గుర్తింపున్న సంస్థలో ఎంటెక్ చేరితే నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ వస్తుంది. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. వరంగల్ ఎన్‌ఐటీలోనూ, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలోనూ కంప్యూటర్ సైన్స్ అండ్ ఇన్ఫర్మేషన్ సెక్యూరిటీ పేరుతో ఎంటెక్ ఉంది. ఫోరెన్సిక్స్ వైపు మనసుంటే గాంధీనగర్‌లో నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీ ఉంది. బ్యాంకుల వైపు వెళ్లేవాళ్లు 1996లో రిజర్వు బ్యాంకు హైదరాబాద్‌లో స్థాపించిన బ్యాంకింగ్ టెక్నాలజీ సంస్థ ఐడీఆర్‌బీటీ వైపు చూడొచ్చు. డిగ్రీ అవసరం లేదు, తొందరగా పనిలో పడాలి అనుకుంటే సీ-డాక్ ఆరు నెలల పీజీ డిప్లొమా ఇస్తుంది. అమెరికా వెళ్లడమే చదువనుకునే ఇళ్లలో ఈ పేర్లు భోజనాల దగ్గర చర్చకే రావు. అది మన అలవాటు లోపం.

వీసా ఉన్నచోట ఆన్‌లైన్ మాట వేరు

ఆన్‌లైన్ డిగ్రీతో అమెరికా స్టూడెంట్ వీసా రాదు. వీసా మీద అక్కడికి వెళ్లిన ఎఫ్-1 విద్యార్థి ఒక సెమిస్టర్‌లో పూర్తిస్థాయి చదువు కింద ఒకే ఒక్క ఆన్‌లైన్ కోర్సును, అంటే మూడు క్రెడిట్లను మాత్రమే లెక్క చూపగలడు. "చేరింది క్యాంపస్‌లోనే, క్లాసులు మాత్రం ఇంట్లోనే, మిగతా టైమంతా ఉద్యోగం చేసుకో" అని ఏదైనా కన్సల్టెన్సీ చెబితే అక్కడి నుంచి లేచి రండి. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మీద అధికారులు దాడి చేసినప్పుడు ఇబ్బందుల్లో పడ్డవాళ్లలో ఎక్కువమంది తెలుగు పిల్లలు. కొందరి కాళ్లకు రేడియో పరికరాలు తగిలించారు. 2019లో బయటపడ్డ మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అయితే క్లాసులే లేని, అమెరికా అధికారులే వల పన్నడానికి పెట్టిన సంస్థ. అక్కడా పట్టుబడ్డవాళ్లలో మనవాళ్లు చాలామంది. నిబంధన చదవకుండా మధ్యవర్తి మాట నమ్మినందుకు పడ్డ శిక్ష అది.

నిజమైన క్యాంపస్‌కు వెళ్లేవాళ్లు తెలుసుకోవాల్సింది ఇంకోటి ఉంది. ప్రస్తుత నిబంధనల ప్రకారం సైబర్ సెక్యూరిటీ స్టెమ్ కోర్సు కాబట్టి చదువయ్యాక 12 నెలల ఓపీటీ (అక్కడ పని చేసే అనుమతి), దాని మీద 24 నెలల పొడిగింపు అడగొచ్చు. కానీ అమెరికాలో సెక్యూరిటీ ఉద్యోగాల్లో పెద్ద భాగం ప్రభుత్వం, రక్షణ కాంట్రాక్టుల చుట్టూ ఉంటుంది. వాటికి సెక్యూరిటీ క్లియరెన్స్ కావాలి, దానికి అమెరికా పౌరసత్వం కావాలి. సాఫ్ట్‌వేర్ డెవలపర్‌గా వెళ్లిన మీ అన్నయ్యకు లేని గోడ ఇది. బ్యాంకులు, ఆస్పత్రులు, క్లౌడ్ కంపెనీల ఉద్యోగాలు మీకు తెరిచే ఉంటాయి. కాబట్టి ఆ పనులకు పనికొచ్చే కోర్సులే ఎంచుకోండి.

ప్రకటనలో ప్రతి మాటా చదవండి

"ప్రముఖ ఐఐటీ నుంచి సైబర్ సెక్యూరిటీలో పీజీ ప్రోగ్రామ్" అని ఫోన్‌లో ప్రకటన వస్తుంది. అందులో డిగ్రీ అన్న మాట వెతకండి. చాలావాటిలో ఉండదు. చివర వచ్చేది సర్టిఫికెట్. సర్టిఫికెట్ కోర్సు చెడ్డదేం కాదు, కానీ దాన్ని మాస్టర్స్ అనుకుని డబ్బు కట్టడం మోసపోవడమే.

రెండోది, మన దేశంలో ఇంజనీరింగ్ డిగ్రీలను దూరవిద్యలో ఇవ్వడానికి అనుమతి లేదు. 2017లో సుప్రీంకోర్టు కూడా ఈ విషయంలో గట్టి తీర్పు ఇచ్చింది. కాబట్టి మామూలు ప్రైవేటు యూనివర్సిటీ ఏదైనా కరస్పాండెన్స్ ఎంటెక్ ఇస్తానంటే ఆగండి. సొంత చట్టం ఉన్న ఐఐటీల సంగతి వేరు. ఎంసీఏ, ఎంఎస్సీ లాంటివి ఆన్‌లైన్‌లో చేయొచ్చు. ఆ యూనివర్సిటీకి, ఆ కోర్సుకు, ఆ ఏడాదికి అనుమతి ఉందో లేదో యూజీసీ దూరవిద్యా విభాగం జాబితాలో చూసుకోండి. అనుమతి ఉన్న సంస్థ ఆన్‌లైన్ డిగ్రీ మామూలు డిగ్రీతో సమానమేనని 2022లో యూజీసీ స్పష్టం చేసింది. ఎడ్‌టెక్ కంపెనీలు విదేశీ యూనివర్సిటీలతో కలిసి ఇచ్చే గుర్తింపులేని డిగ్రీల గురించి 2023 డిసెంబరులో హెచ్చరించింది కూడా. తర్వాత ప్రభుత్వ ఉద్యోగమో, ఇక్కడ పీహెచ్‌డీయో ఆలోచనలో ఉంటే, విదేశీ డిగ్రీకి సమానత్వం దొరుకుతుందా అన్నది చేరేముందే రాతపూర్వకంగా తెలుసుకోండి.

ఫీజు కట్టేముందు ఒక నెల

మీరు చేయాల్సిన అభ్యాసం ఇదొక్కటే. రూపాయి ఖర్చు లేదు. 16 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ ఉంటే సుఖం.

మొదటి వారం: సిరక్యూజ్ యూనివర్సిటీ ప్రొఫెసర్ వెన్లియాంగ్ డూ 2002లో మొదలుపెట్టిన సీడ్ ల్యాబ్స్ ఉచితంగా దొరుకుతాయి. అందులో బఫర్ ఓవర్‌ఫ్లో ల్యాబ్ చేయండి. ప్రోగ్రాం క్రాష్ అయినప్పుడు చిరాకు వస్తోందా, ఎందుకు క్రాష్ అయిందో చూడాలనిపిస్తోందా?

రెండో వారం: కార్నెగీ మెలన్ వాళ్ల పికోసీటీఎఫ్‌లో కొన్ని సమస్యలు. ఫోరెన్సిక్స్, వెబ్, క్రిప్టో విభాగాలు విడివిడిగా ఉంటాయి. గంటలు తెలియకుండా గడిచింది ఏ విభాగంలో?

మూడో వారం: ఎన్‌పీటెల్‌లో సైబర్ సెక్యూరిటీ లేదా క్రిప్టోగ్రఫీ కోర్సు తెరిచి నాలుగైదు వీడియోలు వినండి, అసైన్‌మెంట్ చేయండి. ఇంట్లో ఒంటరిగా కూర్చుని ముగించగలిగారా?

నాలుగో వారం: మీరు నేర్చుకున్న ఒక దాడి గురించి, కంప్యూటర్ తెలియని మేనేజర్‌కు అర్థమయ్యేలా ఒక పేజీ తెలుగులోనో ఇంగ్లీషులోనో రాయండి. రాయడం నచ్చితే ఆడిట్, కంప్లయన్స్ వైపు చూడండి.

ఒక హెచ్చరిక. ఇవన్నీ మీ సొంత మెషీన్ మీద, సాధన కోసం పెట్టిన సైట్ల మీద మాత్రమే. మీ కాలేజీ వెబ్‌సైట్ మీదో, కరెంటు బిల్లు పోర్టల్ మీదో "ఊరికే చూద్దామని" ప్రయోగం చేస్తే ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా. దొంగను పట్టే ఉద్యోగం కోరుకునేవాళ్ల మీద కేసు ఉంటే ఏ కంపెనీ తీసుకోదు.

ఇక నిర్ణయం

నెల తర్వాత మీ పరిస్థితి కింది నాలుగింటిలో ఏదో ఒకటి అవుతుంది.

ఐటీలో ఉద్యోగం ఉంది, సాక్, నెట్‌వర్క్, క్లౌడ్, కంప్లయన్స్ వైపు వెళ్లాలి: ఉద్యోగం వదలకండి. మంచి ఆన్‌లైన్ డిగ్రీ చేయండి. క్యాంపస్ కోసం రాజీనామా చేయడం ఇక్కడ దండగ.

బీటెక్ ఇప్పుడే అయింది, గణితం, పరిశోధన, హార్డ్‌వేర్ ఇష్టం: గేట్ రాసి ఇక్కడి క్యాంపస్‌కే వెళ్లండి. ఒక ఏడాది సన్నాహానికి పోయినా పర్వాలేదు.

విదేశాలకే వెళ్లాలి: వెళ్లండి, రెండు షరతుల మీద. ఆ యూనివర్సిటీలో మీ విషయం మీద పనిచేసే ప్రొఫెసర్ పేరు మీకు తెలిసి ఉండాలి. అక్కడ ఉద్యోగం రాకపోయినా ఇక్కడి జీతంతో అప్పు తీర్చగలగాలి. ఏ ఒక్కటి కుదరకపోయినా ఆగండి.

నెలంతా ల్యాబ్ చేయబుద్ధి కాలేదు: ఈ రంగం మీది కాదు. ఉచితంగా, ఇంట్లోనే తెలిసింది, సంతోషించండి.

ఎక్కడ చేరినా చేరేముందు ఆ కోర్సు పూర్తి చేసిన ఒకరికి ఫోన్ చేయండి. ప్లేస్‌మెంట్ గురించి తర్వాత అడగొచ్చు. ముందు ఇది అడగండి: "మీ అసైన్‌మెంట్లు ఎవరు దిద్దారు? తప్పు ఎక్కడో రాసి పంపారా, మార్కులేసి ఊరుకున్నారా?" తప్పు రాసి పంపేవాళ్లున్న చోట చేరండి, అది క్యాంపస్ అయినా సరే, ఆన్‌లైన్ అయినా సరే. మార్కులేసి ఊరుకునే చోట మీ డబ్బూ, మీ రెండేళ్లూ పెట్టకండి.